లాయరుగారి ఆఫీసులో రెండో కుర్చీగారికి

మహారాజశ్రీ రెండో కుర్చీగారి దివ్యసముఖమునకు, కావలి వాస్తవ్యురాలైన ఒక క్లయింటు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమే. నిన్న కళ్ళారా చూశాను. ఫ్యాను సరిగ్గా తమ నెత్తినే తిరుగుతోంది. చేతులున్న కుర్చీ, మెత్తటి రెక్సిన్, వీపున ఉతికిన టర్కీ టవలు. తమ పక్కన నాకు వేసిన ప్లాస్టిక్ కుర్చీకి వెనక కాలు నెర్రె విచ్చితే పురికొస చుట్టి పెట్టారు. కదిలితే కిర్రుమంటుంది గనక నేను కదలను. వకాలత్తు మీద సంతకం నాది. ఫీజు పోయింది నా జీతంలోంచి. విడిపోతోంది నా మొగుడితో. అయినా ఈ కేసుకు అసలు క్లయింటు తమరే.

నిన్న నాలుగింటికి రమ్మన్నారు. రొయ్యల ప్లాంటులో నెలాఖరు లెక్కలు పక్కన పడేసి, సగం రోజు సెలవు పెట్టి, కావలిలో బస్సెక్కి నెల్లూరొచ్చాను. దీపాలు పెట్టినాక వచ్చారు సారు. నన్ను చూశారు. తమర్ని చూశారు. తమరు ఖాళీ. మళ్ళీ నన్ను చూశారు.

"ఎవురూ రాలేదామ్మా?"

"నేనొచ్చాను సార్."

"అది కాదమ్మా. మగోళ్ళెవురన్నా..."

డ్రాఫ్టులో ఒక్క లైను కొట్టేయాలి సార్, రెండు నిమిషాల పని అన్నాను. "అట్టాంటివి మీ నాయనతో మాట్లాడాల్సినవమ్మా. శనివారం ఆయన్ని తోడుకోని రా" అని ఇంకో ఫైలు విప్పారు. గుమాస్తా పాపం మంచివాడు, బస్సు ఎన్నింటికుందో చెప్పాడు.

ఆ లైను సంగతి తమరికి తెలుసు. పోయినసారి తమలో కూర్చున్నది మా నాయనే. సారు తమ వైపు తిరిగి, "భరణం సంగతేంటి పెద్దాయనా?" అన్నారు. "మాకేం వద్దు సార్, పరువు దక్కితే చాలు" అని తమలోంచి జవాబొచ్చింది. నేను నోరు తెరిచేలోపు కంప్యూటర్ ముందున్న పిల్లాడు టకటకా కొట్టేశాడు. ఏడో పేరా: పిటిషనరు శాశ్వత భరణం కోరడం లేదు. పిటిషనరంటే నేనే. కోరడం లేదన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

మా నాయన మంచోడు. ఇంట్లో నా మాట కాదని ఒక్క పనీ చెయ్యడు. తమలో కూర్చోగానే ఏమవుతుందో, వీపు నిటారుగా నిలబడి గొంతు మారిపోతుంది. ఒకసారి ఆయనకు ఒంట్లో బాగాలేక ఇంజనీరింగు చదివే మా తమ్ముణ్ణి తీసుకొచ్చాను. వాడు ఫోనులో క్రికెట్ స్కోరు చూసుకుంటుంటే, విడాకుల చట్టం మొత్తం వాడికి చెప్పారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, 13-బి సెక్షను, ఏడాది విడివిడిగా ఉన్నాక ఇద్దరూ కలిసి పిటిషను వెయ్యడం, ఆపైన ఆరు నెలలు ఆగడం, తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పడం, అన్నీ వాడికే. చివర్లో "మీ అక్కకు చెప్పు బాబూ" అన్నారు. అక్క వాడికి మూరెడు దూరంలో ఉంది. బస్సులో "ఏం చెప్పాడ్రా?" అంటే, "ఏమో, ఆర్నెల్లంట" అన్నాడు.

అదే ఏడో పేరాకింద బంగారం లిస్టు. అది కూడా తమరే చెప్పారు. ఇరవై సవర్లని రాయించారు. అందులో నాలుగు గాజులు రొయ్యల గుంట మేతకని నా మొగుడు బ్యాంకులో కుదువ పెట్టాడని నాకు తెలుసు, రసీదు నా దగ్గరుంది. నెక్లెసు వాళ్ళమ్మ బీరువాలో ఉందనీ తెలుసు. తమరికి తెలియదు. నన్ను అడిగితే కదా! తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: స్త్రీధనం మొత్తానికి యజమాని ఆ ఆడమనిషే, ఆమె అధికారం ఇవ్వందే కన్నతండ్రి కూడా దాన్ని వెనక్కి ఇమ్మని అడగలేడు. అంతటి కోర్టు కొట్టేసిన హక్కు, నెల్లూరులో మేడమీద ఆఫీసులో మాత్రం టర్కీ టవలు కప్పుకుని ఇంకా నడుస్తోంది.

భరణం సంగతి వస్తే ఇద్దరూ ఆస్తులు, ఆదాయాలు, అప్పులు ప్రమాణపత్రాల్లో రాసివ్వాలని 2020లో అదే కోర్టు చెప్పింది. ఆయన గుంటల లెక్క కోర్టుకు రాకుండా, "మాకేం వద్దు" అని తమరు ఒక్క మాటలో ఆపేశారు. మా ప్లాంటుకు సరుకు తోలే రైతుల్లో ఆయనొకడు. ఏ కోతకు ఎన్ని టన్నులు, కిలోకెన్ని రొయ్యలనే కౌంటు, ఎంత రేటో రాసేది నేనే.

ఇంకో ముచ్చట. ఆయన లాయరు దగ్గర కూడా తమ వంటి వారొకరున్నారట. అందులో వాళ్ళ మేనమామ కూర్చుంటాడు. ఇద్దరి సమ్మతితో విడాకులంటే ఏమిటో అనుకున్నారు జనం, ఇదీ. సమ్మతించింది మీ రెండు కుర్చీలు. ఆ సమ్మతి బలవంతంతోనో, మోసంతోనో, ఒకరి ఒత్తిడితోనో రాలేదని జడ్జి తేల్చుకోవాలని చట్టంలో రాసుంది. జడ్జిగారు ఎవర్ని అడుగుతారో? తమర్ని బోనెక్కించడం కష్టం, చేతులు అడ్డమొస్తాయి.

రహస్యం మాటకొస్తే, క్లయింటు చెప్పింది లాయరు బయటపెట్టకూడదు, ఆయన గుమాస్తా కూడా. కుర్చీలో కూర్చున్న పెదనాయనకు ఆ సెక్షను వర్తించదు. నా పడగ్గది సంగతులు కావలి టీకొట్టు దాకా పోయింది తమ చేతుల మీదుగానే. దాంతో మా వీధిలో ఒకామె, నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువుకాడ సంసారం నిలబడే రొట్టె పట్టుకొస్తాను తినమంది. పెళ్లికి, పిలకాయలకి, ఉద్యోగానికి రొట్టె ఉంది గానీ, దరిద్రం వదిలిందని పంచే రొట్టె లేదా అని అడిగాను. లేచిపోయింది.

ఇంక తమరూ గిమరూ నావల్ల కాదు.

ఏమే కుర్చీ, ఏడో పేరాలో నువ్వన్న "వద్దు" ఎవురిదే? ఏడేళ్ళు ఆ ఇంట్లో వండింది నేను, నా జీతం ఆ గుంటలో పోసింది నేను, వైరసొచ్చి పంట పోయిన్నాడు ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుంది నేను. పరువు దక్కితే చాలని నువ్వనేస్తే సరిపోద్దా? రేపు ఆ కాయితం డిక్రీ అయినాక అడగబోతే, నువ్వే వద్దంటివి గదా అని నా సంతకమే నాకు చూపిస్తారు. నీ సంతకం ఏడుందే దాంట్లో? కాలు విరిగిన కుర్చీలో కదలకుండా కూర్చోని, మంచి మర్యాద అని నోరు మూసుకోని, ఇంకోడి నోటితో నా బతుకు రాయించుకోవాలా?

శనివారం మా నాయన రాడు. ఏడో పేరా నేనే ఇంట్లో ఆయన ముందు పెట్టి చదివాను. అర్థమయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. "నేనట్టా అన్నానా మే?" అన్నాడు. అన్నావు నాయనా అన్నాను.

శనివారం నేను జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు పోతుండా. 1987 చట్టం 12వ సెక్షను కింద ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్నిస్తారు. 15100కు ఫోను చేస్తే ఏమేం కాయితాలు తేవాలో చెప్పారు. మగోళ్ళెవురన్నా ఉన్నారా అని అడగలేదు. వకాలత్తు మారుస్తానని మీ సారుకు చెప్పు. చెప్పేవాళ్ళు లేకపోతే, నువ్వే చెప్పు. నీ మాటైతే వింటాడు.

అక్కడ కూడా బల్ల ముందు నీ చెల్లెలో తమ్ముడో ఉంటే, కుదువ రసీదు, బంగారం బిల్లులు, గొడుగు, అన్నం డబ్బా అన్నీ దానిమీదే పెడతా.

ఇట్లు,
ఏడో పేరాలోని పిటిషనరు