‘మీకు తోచినంత’ అంటే ఎంత?

రెండేళ్ల కిందట ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, తమ పనికి స్పాన్సర్లు దొరికేలా ఒక వెబ్ పేజీ రాసిపెట్టమని అడిగింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో నాట్లప్పుడు, దంపుళ్లప్పుడు, పెళ్లి పనులప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటలను రికార్డు చేసే పని వాళ్లది. ముగ్గురు మనుషులు, ఒక రికార్డరు, ఒక పాత ల్యాప్‌టాప్. వెనక సంస్థ లేదు, పెద్ద మనిషీ లేడు. అప్పటికే వాళ్లకో పేజీ ఉంది. అందులో ఇలా రాసుంది: “అంతరించిపోతున్న మన జానపద సంపదను భావితరాలకు అందించే ఈ మహాయజ్ఞంలో మీరూ భాగస్వాములు కండి. మీకు తోచినంత సాయం చేయండి.” కింద ఒక క్యూఆర్ కోడ్. ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు డబ్బులు పడ్డాయి. నలుగురూ చుట్టాలే.

మొదటి వాక్యంలో ఉన్నవి అరిగిపోయిన మాటలే గానీ వాటివల్ల పెద్ద నష్టం లేదు. కొంప ముంచింది రెండోది. ‘మీకు తోచినంత’ అనడం మనకు మర్యాద. ఇచ్చేవాడికి మాత్రం అది ఒక చిక్కు లెక్క. వంద పంపితే చిన్నతనం, పదివేలు పంపితే ఎక్కువేమో, అసలు వీళ్లకు కావలసింది ఎంతో తెలియదు. ఇవ్వాలన్న మనసుతోనే వచ్చిన మనిషి కూడా తర్వాత చూద్దాంలే అని ఫోన్ పక్కన పెడతాడు. ఆ తర్వాత అనేది రాదు.

చిన్న చిన్న స్వతంత్ర ప్రాజెక్టులు చేసే మన తెలుగువాళ్ల విన్నపాలు చాలా చూశాను. పత్రికలు, నాటక బృందాలు, పల్లె గ్రంథాలయాలు, పాత పుస్తకాల స్కానింగ్, ఉచిత సాఫ్ట్‌వేర్. దాదాపు అన్నింటిలోనూ లోపించేది ఒకటే: అంకె. భాష గొప్పదనం గురించి నాలుగు పేరాలు ఉంటాయి, డబ్బు గురించి ఒక్క లైనుంటుంది. అంకె చెబితే ఆశపోతులం అనుకుంటారేమోనని మన భయం. అడగందే అమ్మైనా పెట్టదు అన్న సామెత మన దగ్గరే ఉంది. అయినా సగమే అడుగుతాం. మిగతా సగం ఎదుటివాడు అర్థం చేసుకోవాలి.

నిజానికి అంకె చెప్పి అడగడం మనకు కొత్త కాదు. ఊరి గుళ్లో ఫ్యాను రెక్క మీద, బస్టాపులో సిమెంటు బెంచీ వెనక దాత పేరు ఎర్ర పెయింటుతో రాసుంటుంది. ఆ ఫ్యాను ఇచ్చినాయనకు తానేం ఇచ్చాడో, అదెక్కడ తిరుగుతోందో తెలుసు. తిరుమలలో ఒక రోజు అన్నప్రసాద వితరణకు ఇటీవలి లెక్క ప్రకారం 44 లక్షల రూపాయలు. దాన్ని కూడా టిఫిన్‌కు 10 లక్షలు, మధ్యాహ్న భోజనానికి 17, రాత్రి భోజనానికి 17 అని విడగొట్టి పెట్టారు. ఎవరి రోజు అయితే ఆ రోజు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వాళ్ల పేరు కనిపిస్తుంది. అంత పెద్ద క్షేత్రమే ‘తోచినంత’ దగ్గర ఆగకుండా ఒక పూట లెక్క చెబుతుంటే, ముగ్గురు మనుషుల బృందం ఒక రోజు ఖర్చు చెప్పడానికి సిగ్గుపడాల్సిన పనేముంది?

అంకె బయటపడకపోతే ఏమవుతుందో, బయటపడితే ఏమవుతుందో చూపించే ఉదంతాలు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో మన పాస్‌వర్డులను, బ్యాంకు వివరాలను దాచిపెట్టే పనిలో ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే పెద్ద లోపం బయటపడింది. అప్పుడుగానీ లోకానికి తెలియలేదు, ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని, పూర్తికాలం పనిచేసేది ఒక్కరేనని. దాన్ని వాడుకునే కంపెనీలకు డబ్బు లేకనా? ఎంత కావాలో, లేకపోతే ఏమవుతుందో వాళ్ల ముందు పెట్టినవాళ్లు లేక.

ఆ మరుసటి ఏడాది జర్మనీలో జరిగింది ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఈమెయిళ్లను రహస్యంగా ఉంచే గ్నూపీజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వెర్నర్ కోచ్ 1997 నుంచి దాదాపు ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నాడు. 2001 నుంచి సగటున ఏడాదికి 25 వేల డాలర్ల సంపాదనతో సరిపెట్టుకున్నాడు. తన జీతానికి, ఇంకో ప్రోగ్రామర్‌ను పెట్టుకోవడానికి లక్షా 37 వేల డాలర్లు కావాలని విరాళాలు అడిగితే 43 వేల దగ్గర ఆగిపోయింది. 2015 ఫిబ్రవరి 5న ప్రోపబ్లికా అనే అమెరికన్ వార్తాసంస్థ ఈ సంగతి రాసింది. ఆ రోజే లక్ష్యం నిండిపోయింది. ఫేస్‌బుక్, స్ట్రైప్ కంపెనీలు ఏటా చెరో 50 వేల డాలర్లు ఇస్తామన్నాయి. అంకె ఒక్కటే చాలదని కూడా ఈ కథ చెబుతోంది. ఆ లక్షా 37 వేలు అంతకుముందూ ఉన్నదే. దాని పక్కన ఒక మనిషి, ఆ మనిషి బతుకు కనిపించేసరికి జనం కదిలారు.

మళ్లీ మా పాటల దగ్గరకు వస్తాను. నేను రాయడం మొదలుపెట్టక ముందు ఆమెను కూర్చోబెట్టి ఒక రోజు రికార్డింగ్ ఖర్చు కాగితం మీద వేయించాను. బస్సు, ఆటో 600. ఇద్దరి టిఫిన్, భోజనం 500. పాడిన అమ్మలకు తాంబూలంతో పాటు 1,000. పాటలు విని రాసిపెట్టినందుకు 700. మొత్తం 2,800 రూపాయలు. రోజుకు సగటున నాలుగు పాటలు వస్తున్నాయి కాబట్టి ఒక పాటకు 700. ఆ కాగితం చూసి ఆమే ఆశ్చర్యపోయింది. మూడేళ్లుగా పని చేస్తూ ఒక పాట ఎంతకు వస్తోందో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. కొత్త పేజీ మొదటి లైను అదే: “700 రూపాయలతో ఒక పాట, 2,800తో ఒక ఊరు.” దాని కింద మహాయజ్ఞం మాట తీసేసి, ఒక పెద్దావిడ పాడిన నిమిషంన్నర నాట్ల పాట పెట్టాం. వెనకాల కోడి కూత వినిపిస్తుంది, మధ్యలో ఆవిడ దగ్గుతుంది. దగ్గు తీసేద్దామని ఒకరన్నారు. వద్దన్నాను.

పేజీ పెట్టగానే డబ్బు వచ్చిపడలేదు. స్పాన్సర్‌ను పేజీ తీసుకురాదు. ఫోన్ కాలో, ఎవరో చేసిన పరిచయమో తీసుకొస్తుంది. ఒక రైసుమిల్లు యజమానిని ఆమె స్వయంగా వెళ్లి కలిసింది. ఆయన బాగుందమ్మా, లింకు పంపు అన్నాడు. ఆ లింకును ఆయన చదవలేదు. తన అకౌంటెంట్‌కు పంపాడు. అసలు విషయం నాకు అక్కడ అర్థమైంది. మనల్ని చూసి, మన మాట విని మెత్తబడ్డ మనిషి ఒకరు, పేజీ చదివేది ఇంకొకరు. ఆయన అకౌంటెంట్, తమ్ముడు, భార్య, అమెరికాలో ఉన్న కొడుకు. మన గొంతు వినని ఆ రెండో మనిషికి వచ్చే సందేహాలు వేరు. ఎవరు వీళ్లు? డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుంది? బిల్లు ఇస్తారా? పోయినసారి ఇచ్చినవాళ్ల డబ్బు ఏమైంది?

ఆ అకౌంటెంట్ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే స్క్రీన్ మీద వచ్చింది బృందం పేరు కాదు, ముగ్గురిలో ఒకతని తమ్ముడి పేరు. అక్కడే ఆగిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. పేజీలో ఒక పేరు, ఫోన్‌లో ఇంకో పేరు కనిపిస్తే నేనైనా పంపను. ఉమ్మడి ఖాతా తెరిచి, ఖాతా పేరును పేజీలో అక్షరం పొల్లుపోకుండా రాశాకే ఆ పని ముందుకు కదిలింది. చిన్న ప్రాజెక్టుల్లో నమ్మకం చాలావరకు ఇలాంటి చోట్లే పోతుంది, మోసం వల్ల కాదు.

చట్టం గురించి కూడా తెలిసినవి చెప్పాలి, ఎందుకంటే తెలియక ఇచ్చే హామీలు తర్వాత టెన్షన్ తెచ్చిపెడతాయి. రిజిస్టరై, ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉన్న ట్రస్టులు, సొసైటీల లాంటివే, ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు దొరికే, 80జీ అని పిలిచే రసీదు ఇవ్వగలవు. నలుగురు స్నేహితుల బృందం పన్ను మినహాయింపు ఉంటుందని రాయకూడదు. ‘సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టాల్సిన డబ్బు) ఇవ్వండి’ అని కనపడ్డ ప్రతి కంపెనీకీ రాసేవాళ్లున్నారు. కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీలకే ఆ బాధ్యత. అవి వేరే సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. ఇక అమెరికా తెలుగువాళ్ల సాయం. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపే విరాళం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందకు వస్తుంది, దానికి రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి. పేజీలో విదేశీ కార్డులు తీసుకునే బటన్ పెట్టే ముందు ఆడిటర్‌తో అరగంట మాట్లాడటం మంచిది. కంపెనీ తన ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ వేరు, దానికి బిల్లు అడుగుతారు. పాన్, ఖాతా వివరాలు సిద్ధంగా ఉండాలి.

మన దేశంలోనే ఒక నిధి ఈ లెక్కల క్రమశిక్షణను నియమంగా పెట్టింది. బెంగళూరుకు చెందిన షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల కోసం ‘ఫ్లాస్ ఫండ్’ ప్రకటించింది. ఏటా 10 లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల వరకు. దరఖాస్తు చేసేవాళ్లు తమ సైట్‌లో ‘ఫండింగ్ డాట్ జేసన్’ అనే చిన్న ఫైలు పెట్టాలి. మీరెవరు, ప్రాజెక్టు ఏమిటి, ఏ పనికి ఎంత కావాలి అన్నవి అందులో ఉండాలి. వెనకటి సంవత్సరాల ఆదాయం, ఖర్చు చూపించడానికీ చోటుంది. సాఫ్ట్‌వేర్ చేయనివాళ్లు కూడా ఆ ఫైలు నమూనా ఒకసారి చూడాలి. తెలుగులో ఒక పేజీ కాగితం మీద అవే ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే సగం పని అయిపోతుంది.

స్పాన్సర్‌కు బదులుగా ఏమివ్వాలి అన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. అమెరికన్ ప్రోగ్రామర్ కాలెబ్ పోర్జియో 2020లో గిట్‌హబ్ స్పాన్సర్స్ (ప్రోగ్రామర్లకు జనం నేరుగా డబ్బు పంపే వేదిక) ద్వారా తన ఆదాయం ఏడాదికి లక్ష డాలర్లకు చేరిందని రాశాడు. అందులో పెద్ద వాటా, స్పాన్సర్లకు మాత్రమే చూపించే పాఠాల వీడియోల వల్ల వచ్చింది. ఆయనకు అది సరిపోయింది. మా పాటలకు సరిపోదు. పల్లె ఆడవాళ్లు అందరి మధ్యా పాడుకునే పాటను డబ్బిచ్చినవాళ్లకే వినిపిస్తే అది అన్యాయం. కాబట్టి పాటకు తాళం వేయకుండా వేరేది ఇచ్చాం: ఊరిని ఎంచుకునే హక్కు. 2,800 ఇచ్చినవాళ్లు ఏ ఊరు వెళ్లాలో చెప్పొచ్చు. ఈ ఒక్క మాట వల్ల ఫోన్లు వచ్చాయి. “మా అమ్మ పుట్టిన ఊరు వెళ్తారా?” అని ఒకాయన అడిగాడు. ఆయనకు జానపద సంపద గురించి ఏ పట్టింపూ లేదు, అమ్మ ఊరి గురించి ఉంది. అది చాలు.

ఊరు ఎంచుకోవచ్చు, పాట ఎంచుకోకూడదు. ఈ నియమం కూడా పేజీలోనే రాశాం, పెద్ద అక్షరాలతో. రాసిన మూడో నెలలో ఒకాయన ఏడాది ఖర్చంతా పెట్టుకుంటానని వచ్చాడు, ప్రతి వీడియో మొదట్లో తన నాయకుడి ఫొటో వేయాలన్నాడు. ఏడాది ఖర్చు అంటే వాళ్లకు చాలా పెద్ద డబ్బు. ఆ రాత్రి ముగ్గురూ నిద్రపోలేదని నాకు తెలుసు. కానీ వద్దని చెప్పడం తేలికైంది. ‘మీకని కాదండీ, ముందే రాసి పెట్టుకున్నాం’ అనగలిగారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు. అందరికీ అమృతాంజనం ఉండదు. చేయి చాపేవాళ్లు హద్దు ముందే గీసుకోవాలి, డబ్బు బల్ల మీదకు వచ్చాక గీయడం చాలా కష్టం.

‘మీ లోగో ఇక్కడ’ అని ఆరు ఖాళీ గళ్లు పెట్టకండి. ఇంతవరకు ఎవరూ రాలేదని అవి చాటింపు వేస్తాయి. ఇద్దరు ముగ్గురు ఇచ్చాకే పేర్లు పెట్టండి. పేజీలో పెట్టే జమాఖర్చుల లెక్కల కింద తేదీ ఉండాలి, అది ఈ నెలదో పోయిన నెలదో అయి ఉండాలి. లోటు ఉంటే లోటు అనే రాయండి. పోయిన శ్రావణంలో వానలకు రెండు ప్రయాణాలు వృథాగా పోయి 1,100 రూపాయలు తగ్గాయి. అలాగే రాసి పెట్టాం. ఎవరూ తప్పు పట్టలేదు.

ఇప్పుడు నెలకు నాలుగు ఊళ్లు తిరుగుతున్నారు. ఇదంతా చూస్తే సంతోషంగానే ఉంటుంది గానీ, ఆ 2,800లో ఒక లైను ఇప్పటికీ లేదు. పొద్దున నాలుగింటికి లేచి బస్సెక్కి, రాత్రి తిరిగొచ్చి, పాటలు సర్దుకునే ఆమె రోజు కూలి. వెర్నర్ కోచ్ అడిగినదాంట్లో మొదటిది తన జీతమే. ఆ మాట ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను. పాడిన అమ్మలకు వెయ్యి రాయడానికి వెనకాడలేదు, రాసిపెట్టినవాళ్లకు 700 రాయడానికి వెనకాడలేదు, తనకు 800 రాసుకోవడానికి చేయి రావడం లేదు. జనం ఏమనుకుంటారో అంటుంది. మొన్న కలిసినప్పుడు కూడా అడిగాను. వచ్చే నెల పెడతానంది.