నురగ కోసం ట్యాంకర్లు

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ సమావేశాలన్నీ ట్యాంకర్ల ఖర్చు చుట్టూనే తిరుగుతాయి. వాచ్‌మన్ కార్లు కడిగే పైపు మీద అరగంట వాదన. కుండీలకు నీళ్లు పోసే పెద్దావిడకు కూడా రెండు చురకలు. వాషింగ్ మెషీన్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే అందరికీ తగులుతుంది మరి!

ఏడు కిలోల టాప్ లోడ్ మెషీన్ ఒక విడతకు 100 లీటర్లు దాటించడం మామూలే. యాభై ఫ్లాట్లలో రోజుకో విడత వేస్తే, 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి బట్టలకే చెల్లు. ఫ్రంట్ లోడ్‌కు ఇంచుమించు అందులో సగం చాలు. టాప్ లోడ్‌లో బట్టలు నీళ్లలో మునిగి తేలాలి. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము వాటిని పైకెత్తి, రేవులో బండకేసి కొట్టినట్టు కిందికి పడేస్తుంది. కాసిని నీళ్లతోనే పని అయిపోతుంది.

అలాగని ఉన్న మెషీన్ అమ్మేసి ఫ్రంట్ లోడ్ కొనమని నేననను. నా కోపమంతా నురగ మీద. మెషీన్ ఉతకడానికి ఒకసారి నీళ్లు నింపుకుంటుంది, జాడించడానికి మళ్లీ ఒకటి రెండుసార్లు నింపుకుంటుంది. అంటే సగమో, అంతకంటే ఎక్కువో నీళ్లు పోయేది మనం వేసిన సబ్బును వదిలించడానికే. ప్యాకెట్ మీద కొలత రాసి ఉంటుంది, ఎవరు చూస్తారు? బోరు నీళ్లలో నురగ రావడం లేదని ఇంకో గుప్పెడు. ఆరిన నల్ల ప్యాంటు మీద తెల్లటి చారలు కనిపిస్తే పొడి తగ్గించాలని తట్టదు, మరోసారి జాడించే మీట నొక్కుతాం. కొన్ని మెషీన్లయితే నురగ ఎక్కువైందని పసిగట్టి, మనం అడగకుండానే ఇంకొక విడత నీళ్లు పట్టుకుంటాయి.

చాలామంది చిన్నచూపు చూసే సెమీ ఆటోమేటిక్‌ను వాడటం తెలిసిన ఇల్లాలు ఇక్కడ నెగ్గుకొస్తుంది. తెల్లబట్టలు తీశాక అదే సబ్బునీళ్లలో రంగు బట్టలు, ఆఖరున కాలిపట్టాలు. ఏ ఆటోమేటిక్‌కు వచ్చు ఈ విద్య? కాకపోతే జాడించేటప్పుడు కుళాయి వదిలేసి సీరియల్ ముందు కూర్చుంటే ఆ పొదుపంతా హుళక్కే.

కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2019లో వాషింగ్ మెషీన్లకు స్టార్ లేబుల్ తెచ్చినప్పుడు కరెంటుతోపాటు నీటి వాడకాన్నీ లెక్కలోకి తీసుకుంది. కానీ షోరూముకు వెళ్లి చూడండి. ఆవిరితో ఉతుకుతుందంటారు, ఫోనుతో నడుస్తుందంటారు. ఎన్ని లీటర్లు తాగుతుందని అడిగితే మాత్రం అమ్మే కుర్రాడు బిక్కమొహం వేస్తాడు. ఆ కుర్రాడిదేం తప్పు? అతణ్ణి ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ట్యాంకర్ ఖర్చును ఇంటికింత అని సమానంగా పంచుకునే మనకు లీటర్లతో పనేమిటి?

ఫ్లాటుకో మీటరు పెడదామంటే గోడలు పగలగొట్టాలంటారు. పాత భవనాల్లో వంటింటికి ఒక పైపు, బాత్రూములకు వేరే పైపులు దిగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది నిజమే. అయితే మెషీన్ కుళాయికి వెళ్లే పైపు బయటే కనిపిస్తూ ఉంటుంది. దానికొక చిన్న మీటరు బిగించడానికి గోడ ముట్టుకోనక్కర్లేదు. వచ్చే సమావేశంలో ఈ మాట అడుగుతాను. ఒప్పుకోరని తెలుసు, అయినా అడుగుతాను.