ఎల్-1 మహాత్మ్యం

స్టోరేజీ సర్వర్లు కొనే కమిటీకి ఒక్క ప్రశ్న చాలు: టెరాబైటుకు ఎన్ని రూపాయలు? అందరికన్నా తక్కువ చెప్పినవాడే ఎల్-1, టెండరు వాడిదే. ఇంకేమన్నా అడిగినవాడు ఫైలుకు అడ్డుపడ్డవాడి కిందే లెక్క.

చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా నడిపే సాఫ్ట్‌వేర్ సెఫ్. ఆ ప్రశ్నలోంచి సెఫ్ క్లస్టరు ఇలా అవతరిస్తుంది. మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో 16 టీబీ డిస్కులు 36. మొత్తం 1,728 టీబీ అని మినిట్స్‌లో ఎక్కించి, బిస్కెట్ల ప్లేటు ముందుకు జరుపుతారు. డేటాకు సర్వరుకొకటిగా మూడు కాపీలు పెడితే మిగిలేది 576, పైగా 85 శాతం నిండగానే సెఫ్ హెచ్చరిక మొదలుపెడుతుంది కనక వాడుకునేది 490 లోపే అని ఎవరో కుర్రాడు గొణుగుతాడు. "టెక్నికల్ సంగతులు తర్వాత చూద్దాం, కూర్చో బాబూ."

ర్యామ్ 64 జీబీ. డిస్కుకో ఓఎస్‌డీ (ఆ డిస్కును నడిపే సెఫ్ ప్రోగ్రాము), ఓఎస్‌డీకి డిఫాల్టుగా 4 జీబీ. ముప్పయ్యారు నాలుగులు 144 అని ఎక్కాల పుస్తకం అంటుంది, కొటేషన్ అనదు. మెమరీ చాలక ఒక ఓఎస్‌డీ చస్తుంది. రికవరీకి మరింత మెమరీ కావాలి కాబట్టి పక్కదీ చస్తుంది. కన్నులపండువ! నెట్‌వర్కు 1 జీబీపీఎస్ (సెకనుకు ఒక గిగాబిట్) గనక, నిండిన డిస్కు ఒకటి పోతే తిరిగి నింపడానికి 35 గంటల పైనే, అదీ ఈలోగా వాడేవాళ్లెవరూ దాని జోలికి రాకపోతే. డిస్కుల్ని నేరుగా సర్వరుకు తగిలించే మామూలు హెచ్‌బీఏ కార్డు చాలినచోట, డిస్కుల్ని తనే కలిపి నడిపే రెయిడ్ కార్డు మాత్రం కొసరు.

అసలు ఘనత ఎస్‌ఎస్‌డీది. సర్వరులోని 36 డిస్కుల డీబీ (ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక), వాల్ (రైట్లను ముందుగా ఎక్కించే చిట్టా) మోయడానికి ఒకే ఒక్క డెస్క్‌టాప్ సరుకు. కరెంటు పోతే కాపాడే కెపాసిటర్లు అందులో లేవు, అందుకే ప్రతి సింక్ రైటూ (భద్రంగా పడిందని తేలాకే ముందుకెళ్లే రైటు) ఫ్లాష్‌లో పడేదాకా ఆగాల్సిందే. డబ్బా మీద లక్షల్లో ఉన్న ఐఓపీఎస్ (సెకనుకు చేసే రీడ్లు, రైట్లు) ఇక్కడ వందల్లోకి దిగుతుంది. ఆ ఎస్‌ఎస్‌డీ చచ్చిన రోజు ఆ సర్వరులోని 36 ఓఎస్‌డీలూ సహగమనం చేస్తాయి. మూడో కాపీ పెట్టడానికి నాలుగో సర్వరు లేదు. రెండో సర్వరూ రీబూటయితే, కనీసం ఉండాల్సిన రెండు కాపీలు (మిన్ సైజ్ 2) అందక ఐఓ, అంటే రీడ్లూ రైట్లూ, ఆగిపోతుంది. అప్పుడొస్తుంది పైనుంచి ఫోను: "మిన్ సైజ్ 1 చేసెయ్, ముందు నడవనీ."

చెయ్యకూడదయ్యా! మిగిలిన ఆ ఒక్క కాపీ మీదే కొత్త రైట్లు పడతాయి, ఆ డిస్కూ పోతే జనం డేటా పోతుంది. ఆ రోజు సంజాయిషీ నోటీసు మాత్రం అర్ధరాత్రి కన్సోల్ ముందు కూర్చున్నవాడికి. సంతకాలు పెట్టినవాళ్లు అప్పటికి బదిలీ మీద ఎక్కడుంటారో!

అవే 108 డిస్కుల్ని తొమ్మిది సర్వర్లకు పన్నెండేసి పంచితే అదే 64 జీబీ సరిపోయేది. ఒక్కోదానికి పీఎల్‌పీ (కరెంటు పోతే కాపాడే ఆ కెపాసిటర్ల ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎస్‌డీలు రెండు, ఆరేసి డిస్కులకు ఒకటి. నెట్‌వర్కు 25 జీబీపీఎస్, తక్కువలో తక్కువ 10. ధర ఎక్కువే, ఎల్-1లో నెగ్గదు. కాబట్టి ఇవన్నీ తప్పనిసరి అని టెండరు పిలవకముందే స్పెసిఫికేషన్‌లో రాయించండి, బిడ్లు తెరిచాక ఎంత మొత్తుకున్నా వినేవాడుండడు.