కుండలో కారు తాళాలు!

మొన్న ఒకరింటికి భోజనానికి వెళ్ళాం. పోయిన వేసవిలో గ్రీస్ తిరిగొచ్చారు వాళ్ళు. హాల్లో షోకేసు, అందులో మూతున్న ఒక మట్టికుండ, దాన్నిండా కారు తాళాలు, చిల్లర, రాయని పెన్ను ఒకటి. "సిఫ్నోస్ దీవిలో కొన్నాం. హ్యాండ్‌మేడ్. అక్కడ ఈ కళ చచ్చిపోతోందట పాపం" అన్నారు వదినగారు. ఆవిడ పెట్టిన అన్నం తింటూ ఆవిడతోనే గొడవేమిటని ఊరుకున్నాను. ఆ కోపం ఇక్కడ కక్కుతున్నాను.

ఆ కుండకు పేరుంది, పనీ ఉంది. పేరు స్కెపస్తారియా. పని శనగలు ఉడికించడం. నానబెట్టిన కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, ఒక ఆకు, నీళ్ళు. ఇంతే, మసాలా లేదు. శనివారం సాయంత్రం మూతపెట్టి ఊళ్ళో కట్టెల బట్టీకి పంపేస్తారు. రాత్రంతా ఆ వేడికి మగ్గుతుంది. ఆదివారం పొద్దున చర్చి అయ్యాక ఎవరి కుండ వాళ్ళు తెచ్చుకుని తింటారు. దాన్ని రెవిథాదా అంటారు. వాన నీళ్ళతో వండితే ఇంకా బాగుంటుందని పాతకాలం వాళ్ళ మాట. నాకందులో వింతేమీ కనిపించలేదు. ఉప్పునీళ్ళ బోరున్న ఊళ్ళో కందిపప్పు ఉడకబెట్టిన ఎవరినైనా అడగండి. ఈస్టర్‌కి ఇంకో కుండ ఉంది, దాని పేరు "మాస్తెలో". అడుగున ద్రాక్షతీగ పుల్లలు పేర్చి, వాటి మీద గొర్రెపిల్ల మాంసం, సోయాకూర, వైన్ వేసి బట్టీలో పెడతారు. కుండ పేరే కూర పేరైపోయింది.

మూడు వేలమంది కూడా లేని దీవి అది. ఒకప్పుడు బంగారం, వెండి గనులుండేవి. ఆ డబ్బుతోనే క్రీ.పూ. 525 ప్రాంతంలో డెల్ఫీ అనే గ్రీకు పుణ్యక్షేత్రంలో పాలరాతి ఖజానా కట్టించారు. గనులు పోయాయి, మట్టి మిగిలింది. సముద్రపు దొంగల భయం తగ్గాక కుమ్మరులు కొండల మీంచి వాథీ, కమారెస్, ఫారోస్ లాంటి రేవులకు దిగారు. ఒడ్డునే సారె, ఒడ్డునే ఆవం, కుండ చల్లారగానే పడవెక్కించడం. వానల్లో పచ్చికుండ ఆరదు కాబట్టి పనంతా ఎండాకాలంలోనే. ఇళ్ళ మీద పొగగొట్టాలకు కూడా కుండలే పెట్టుకున్నారు, ఫ్లారోస్ అని. అంత పిచ్చి వాళ్ళకి మట్టంటే.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటాం కదా. అక్కడ గుదియ పేరు అల్యూమినియం. దాని వెనకే ప్లాస్టిక్. చాలా ఆవాలు చల్లబడ్డాయి. కొందరు ఏథెన్స్ పక్కన మరూసీకి వెళ్ళి అక్కడ సారెలు పెట్టుకున్నారు.

క్రీట్‌లో థ్రప్సానో కుమ్మరులది ఇంకో కథ. వేసవంతా జట్లుగా ఊరూరా తిరుగుతూ మనిషెత్తు నూనె బానలు చేసేవాళ్ళు. ఒకడు మట్టి కలపాలి, ఒకడు సారె తిప్పాలి, ఒకడు ఆవం చూడాలి. ఆలివ్ నూనె రేకు డబ్బాల్లోకి, స్టీలు ట్యాంకుల్లోకి వెళ్ళిపోయింది. బానలిప్పుడు హోటళ్ళ ముందు పూలతొట్లు. బాన చేసే చెయ్యి పోలేదు, బానలో పోసేదే పోయింది. సిఫ్నోస్‌లో ఇంకా శనగలున్నాయి కాబట్టి కుండ ఇంకా కుండగానే ఉంది.

అందుకే "కళ" అనే మాట వింటే నాకు చిరాకు. కళ అనగానే దాన్ని గూట్లో పెట్టి దణ్ణం పెడతాం. "షోకేసు కోసం కొన్నా కుమ్మరికి డబ్బులొస్తాయిగా" అని మా ఆయన వాదన. వస్తాయి, కాదనను. టూరిస్టులు కొనే కప్పులు, సిగరెట్ బూడిదగిన్నెలే అక్కడ కొన్ని పొయ్యిలను వెలిగిస్తున్నాయి. కానీ వాడే కుండ ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. పగిలితే ఇంకోటి కొంటాం. షోకేసు కుండ చచ్చినా పగలదు, కుమ్మరికి రెండో బేరమే లేదు.

వదినా, ఈ పోస్ట్ మీ కంట పడుతుందని తెలిసే రాశాను. ఆ తాళాలు తీసి టీవీ పక్కన పెట్టండి, కుండ బాగా కడిగి ఉంచండి. వచ్చే శనివారం కిలో శనగలు నానబెట్టి నేనే తెస్తాను. మీ ఓవెన్‌లో పడుతుందో లేదో మాత్రం ఒకసారి కొలిచి చూడండి.