‘మస్తు’ అన్న పిల్లవాడు మత్తులో లేడు

గడిచిన పదిహేను రోజుల్లో ఒకే సందేశం నా ఫోన్‌కు పదకొండు సార్లు వచ్చింది. వరంగల్‌లో భద్రకాళి చెరువు బండ్ మీద పొద్దున కలిసి నడిచే మిత్రులు పంపారు, నాతో పాటు బడిలో పనిచేసి రిటైరైన వాళ్లు పంపారు, చివరికి పెండ్లి సంబంధాల గ్రూపులో కూడా అదే కనిపించింది. ‘తల్లిదండ్రులకు హెచ్చరిక: మీ పిల్లల మాటల అసలు అర్థం తెలుసుకోండి’ అన్న శీర్షిక కింద ఏడు అంశాలున్న ఆ సందేశాన్ని మొదటిసారి చదివి వదిలేశాను. పదకొండోసారి వచ్చేనాటికి దాని ఫలితాన్ని మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఇక ఊరుకోలేకపోతున్నాను.

‘గోట్’ అని పిలవడం మనిషిని మేకతో పోల్చి అవమానించడమని మొదటి అంశం చెబుతోంది. అది ‘అందరిలోకీ గొప్పవాడు’ అన్న అర్థమిచ్చే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు, క్రికెటర్లను పొగడడానికి వాడతారు. ఇంతకు మించి దాని గురించి చెప్పవలసింది లేదు. ‘బ్రో’ అనే పిలుపు వరసలను చంపేస్తోందన్నది రెండో అంశం. రక్తసంబంధం లేని దోస్తును ‘మామా’ అనీ, ఆటో నడిపే మనిషిని ‘అన్నా’ అనీ, పెద్దవయసు వాణ్ణి ‘కాకా’ అనీ పిలిచే ఊళ్లో మరొక వరస పిలుపు చేరితే వరసలు ఎట్లా చస్తాయి?

మూడో అంశం అంకెల గురించి. ‘సిక్స్ సెవెన్’ అన్నా, ‘ఫోర్ ట్వంటీ’ అన్నా గంజాయికి రహస్య సంకేతమట. మొదటిది ఒక అమెరికన్ ర్యాప్ పాట నుంచి పిల్లల నోళ్లలోకి వచ్చింది, దానికి స్థిరమైన అర్థమంటూ లేదు, అర్థం లేకపోవడమే పిల్లలకు అందులో నచ్చిన సంగతి. ఇంత అర్థం లేని దాన్నే డిక్షనరీ డాట్ కామ్ 2025కు ఆ యేటి మాటగా ఎంచుకుంది. అరవై ఏడో పేజీ తీయమని పంతులు చెప్పగానే తరగతి మొత్తం చేతులు ఊపి నవ్వితే పంతులుకు విసుగు రావచ్చు గానీ పోలీసుల అవసరం రాదు. ఇక 420 అమెరికాలో గంజాయికి గుర్తన్న మాట నిజమే, కానీ మన దగ్గర అది మోసగాడికి పేరు. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ సంఖ్య అది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి ఆ నేరం 318వ సెక్షన్ కిందికి మారినా, మన నోట్లో మోసగాడు ఇప్పటికీ ఫోర్ ట్వంటీగానే ఉన్నాడు.

నాలుగో అంశం ఇంకా తొందరపాటుతో రాసినది. పిల్లల మెసేజ్‌లలో ‘మందు’, ‘మాల్’ అన్న మాటలు కనబడితే వెంటనే ఫోన్ లాక్కోవాలని అందులో ఉంది. గూడెప్పాడు దిక్కు పత్తి వేసిన రైతు కొడుకు హనుమకొండ హాస్టల్లో ఉంటూ ‘ఐతారం మందు కొట్టాలె, ఇంటికి పోతున్న’ అని రాస్తే, చేనుకు పురుగు పట్టిందనీ, తండ్రికి సాయంగా పిచికారీ చేయడానికి పోతున్నాడనీ అర్థం. ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే ఇంటి పిల్లవాడు ‘మాల్ దిగింది’ అంటే మిర్చి బస్తాలు దిగాయని అర్థం. అవే మాటలను వేరొక కుర్రవాడు, వేరొక చోట, వేరొకరితో అన్నప్పుడు వేరే అర్థం రావచ్చు, కాదనను. గంజాయి బెడద మన పట్టణంలో లేదని కూడా అనను. అయితే దానిని పట్టివ్వగలిగేవి నిద్ర లేని కళ్లు, ఇంట్లో మాయమయ్యే డబ్బు, కాలేజీకి పోని రోజులు. వీటిని గమనించే ఓపిక లేక మాటల పట్టీ పట్టుకొని వెతికే తల్లిదండ్రులకు దొరికేది పత్తి రైతు కొడుకే.

ఐదో అంశంలో ‘మస్తు’, ‘జర’, ‘పరేషాన్’, ‘ఖతర్నాక్’ అన్నవి తెలుగును పాడుచేస్తున్న కొత్త ఫ్యాషన్ మాటలనీ, వాటిలో ‘మస్తు’కు అసలు అర్థం తాగి ఉండడం కనుక దానిని ఇంట్లో అననివ్వకూడదనీ ఉంది. ఫారసీలో ‘మస్త్’ అంటే మత్తెక్కినవాడన్నది నిజమే. కానీ మా అమ్మ ‘ఈ యేడు మస్తు వానలు పడ్డయి’ అన్నప్పుడు వానలు తాగి పడలేదు. పుట్టినచోటి అర్థంతోనే మాట బతకాలన్న నియమం ఏ భాషలోనూ లేదు. మాటల అర్థాలు కాలంతో మారే తీరును, అంటే అర్థవిపరిణామం పాఠాన్ని చెప్పిన ప్రతి తెలుగు పంతులూ ఇచ్చే ఉదాహరణలు రెండున్నాయి. ‘కంపు’ ఒకప్పుడు పరిమళం, ఇప్పుడు దుర్వాసన. ‘సభికుడు’ ఒకప్పుడు జూదశాల నడిపేవాడు, ఇప్పుడు సభలో మర్యాదగా కూర్చున్నవాడు. ఆ పాఠం నాతో పాటు ముప్పై ఏండ్లు చెప్పిన మిత్రుడే ఈ సందేశాన్ని నాకు పంపాడన్నదే నా బాధ. పైగా ఇవి కొత్త మాటలు కావు. నిజాం పాలన ముగిసిన 1948 సెప్టెంబరు దాకా సర్కారు కచేరీలోనూ చదువులోనూ ఉర్దూ నడిచిన నేలలో ఈ మాటలను మన తాతలే మాట్లాడారు. ఉర్దూ మాటలను ఏరివేయమన్న ఆ సందేశంలోనే ‘రోజు’, ‘తయారు’, ‘జవాబు’, ‘హద్దు’ అన్న మాటలున్నాయి. అవన్నీ ఫారసీ, అరబీల నుంచి వచ్చినవే, వాటిని తీసేస్తే రాసినాయనకు వాక్యం పూర్తి కాదు.

అన్నిటికన్నా కీడు చేసేది ఆరో అంశం. ‘గట్ల’, ‘గిట్ల’, ‘వచ్చిండు’, ‘లొల్లి’, ‘గత్తర’ అన్న మాటలను ‘వీధి స్లాంగ్’ అన్న పేరుతో పిల్లల మాటల పట్టీలోనే చేర్చి, వాటితో మాట్లాడే పిల్లలకు రేపు ఉద్యోగాలు రావని భయపెట్టి, ఒక్కో మాటకు పది రూపాయల జరిమానా వేయమని అందులో సలహా ఇచ్చారు. ఇది స్లాంగ్ కాదు, ఇంటి భాష. కుర్రవాళ్లు కొంతకాలం వాడి పారేసే మాట వేరు, తల్లి ఒడిలో నేర్చిన మాట వేరు; ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసినవారికి భాష గురించి సలహా ఇచ్చే అర్హత లేదని కచ్చితంగా అంటాను. సామాన్యుడికి అర్థం కావాలని జాను తెనుగు అనే తేట తెలుగునూ, ద్విపద అనే రెండు పాదాల దేశి ఛందస్సునూ ఎంచుకున్న కవి సోమనాథుడు ఇక్కడి పాలకుర్తి వాడు. జనం పలుకుబడిలోనే రాస్తానని జీవితమంతా పట్టుబట్టిన కాళోజీ ఈ హనుమకొండలో మన మధ్య తిరిగినవాడు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది. ఆ రోజు పూలదండ వేసి ఫొటో దిగిన వేళ్లతోనే ఈ సందేశాన్ని ముందుకు పంపడం ఎట్లా సాధ్యమైందో నాకు అర్థం కావడం లేదు.

మా అక్క మనవడు పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వచ్చిన కొత్తలో బడి ముచ్చట్లన్నీ ఊపిరాడనీయకుండా చెప్పేవాడు. కిందటి వారం స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి పోతే, ఆ ఇల్లాలు ఈ సందేశాన్నే చూపించి, ‘మా ఇంట్లో గట్ల, గిట్ల అనొద్దు, మావాడికి అలవాటవుతుంది’ అని చెప్పింది. ఆమె కసిరి చెప్పలేదు, మంచిమాటగానే చెప్పింది. ఆ రోజు నుంచి నాలుగు రోజులు పిల్లవాడు మాతో కూడా తల ఊపడంతోనే సరిపెట్టాడు. అన్నం కావాలా అంటే తల ఊపాడు, పరీక్ష ఎట్లా రాశావంటే తల ఊపాడు. ఏమైందిరా అని దగ్గర కూర్చోబెట్టుకొని అడిగితే, ‘ఏ మాట తప్పో తెలుస్తలేదు తాతా’ అన్నాడు. పరీక్షలో రాసే తెలుగు ఎట్లా ఉండాలో బడిలో నేర్పుతాం, నేర్పాలి కూడా. దాని కోసం ఇంటి మాటను తప్పు చేయనక్కరలేదు.

‘గత్తర’నే తీసుకోండి. మా నాయనమ్మకు ఆ మాట అంటే వణుకు, ఎందుకంటే అది కలరాకు పేరు, ఊళ్లను ఊడ్చిపెట్టిన రోగానికి పేరు. ఇవాళ అదే మాటతో కాలేజీ పిల్లలు బాగా ఆడినవాణ్ణి ‘గత్తర లేపిండు’ అని మెచ్చుకుంటున్నారు. కలరా భయం వాళ్లకు తెలియదు గనుక ఆ మాట వాళ్ల నోట తేలికైంది. అట్లా తేలికైనందుకు నేను సంతోషిస్తాను, మాట పోకుండా నిలిచినందుకు ఇంకా సంతోషిస్తాను.

ఇక ఏడో అంశం. ఆడపిల్లలను ‘ఐటెం’, ‘మాల్’, ‘పటాకా’ అనే మాటలను ఇంట్లో అస్సలు సహించవద్దని సందేశం చివర ఉంది. మిగతా ఆరింటినీ కొట్టివేసిన తరువాత దీనినీ కొట్టివేద్దామనే కలం పట్టాను, కానీ చేతకాలేదు. ఇది సరైన మాట. మిర్చి బస్తాకు చెల్లిన ‘మాల్’ దారిన పోయే అమ్మాయికి తగిలిస్తే అర్థం మారడం మాత్రమే కాదు, ఆ అమ్మాయి దారి మార్చుకోవలసి వస్తుంది. బాలిక జుట్టు లాగి ఆమెను ‘ఐటెం’ అని పిలిచిన యువకుడికి ముంబైలో పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో ప్రత్యేక కోర్టు 2022లో ఏడాదిన్నర జైలుశిక్ష వేసింది. అందుకే ఈ ఒక్క అంశాన్ని నేను కూడా పంపుతాను, అయితే ముందుగా మా వాకింగ్ మిత్రుల గ్రూపుకే పంపుతాను, ఎందుకంటే ఆ మూడు మాటలను పిల్లల నోట కన్నా బండ్ మీద మా వయసు వాళ్ల నోటనే ఎక్కువగా విన్నాను, విని ఇన్నాళ్లూ ఏమీ అనకుండా వాళ్ల పక్కనే నడిచాను.