గురక కాదు, అది ఆగడమే భయం

బరువు తగ్గితే గురక దానంతటదే పోతుందని గురక మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. మా ఆయన సన్నగానే ఉంటారు, అయినా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు) బయటపడింది. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. 10, 15 సెకన్లు ఊపిరి ఉండదు, తర్వాత ఉలిక్కిపడి గాలి పీల్చేవారు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు, మందులకు లొంగని బీపీ. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే గానీ ఆయన నమ్మలేదు! అంతకుముందు నిద్ర సరిపోవట్లేదని సొంతంగా నిద్రమాత్రలు వేసుకునేవారు. వాటితో గొంతు కండరాలు ఇంకా వదులవుతాయని డాక్టర్ మానిపించారు. స్లీప్ స్టడీలో, అంటే నిద్రపోతుండగా చేసే పరీక్షలో, గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. 30 దాటితే తీవ్రమైనట్టే. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషన్‌తో మొదటి రెండు వారాలూ నరకం, మాస్కు పక్కల నుంచి గాలి పోయి నోరెండిపోయేది. సైజు మార్చాక సర్దుకుంది.