ఆ పోస్ట్‌కార్డుల్లో ఉన్నది ఎడిత్ కావెల్ కాదు

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనే ఎడిత్ కావెల్ విగ్రహం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కాల్చి చంపిన బ్రిటిష్ నర్సు ఈమె. తెల్ల పాలరాయి, నర్సు యూనిఫామ్, నిటారుగా నిలబడ్డ మనిషి. పైన ఎక్కడో ‘రాజు కోసం, దేశం కోసం’ అని చెక్కారు. కింద పీఠం మీద ఆమె సొంత మాటలు: ‘దేశభక్తి ఒక్కటే చాలదు. ఎవరి మీదా నాకు ద్వేషం గానీ కసి గానీ ఉండకూడదు.’

విగ్రహం 1920లో పెట్టారు. ఈ మాటలు మాత్రం 1924లో, అదీ మహిళల సంఘం అడిగాక చేర్చారు. నాకు కడుపు మండేది ఇక్కడే. జర్మన్ల ఆక్రమణలో ఉన్న బ్రస్సెల్స్ నుంచి సుమారు 200 మంది మిత్రరాజ్యాల సైనికుల్ని, యుద్ధంలో లేని హాలండ్‌కి దాటించినందుకు ఆమెకి మరణశిక్ష వేశారు. 1915 అక్టోబర్ 12న తెల్లవారుతూనే కాల్చేశారు. ముందు రోజు రాత్రి జైలుకొచ్చిన పాదరీతో అన్న మాటలవి. పోయే ముందు మనిషి నోరు తెరిచి చెప్పిన మాటని రాతి మీదకి ఎక్కించడానికి ఇన్నేళ్లా?

ఆ లోపు, జర్మన్ల మీద కోపం రగిలించేలా ఆమె చావుని బొమ్మ గీసిన పోస్ట్‌కార్డులు మాత్రం కుప్పలుగా అచ్చయ్యాయి. టిటో కోర్బెల్లా అనే ఇటలీ చిత్రకారుడి కార్డులు చూడండి. నేల మీద వాలిపోయిన పడుచుపిల్ల, పక్కన అస్థిపంజరం రూపంలో మృత్యువు, జర్మన్ చక్రవర్తి. నిజానికి చనిపోయేనాటికి కావెల్ వయసు 49! నర్సింగ్ స్కూల్ నడిపిన పెద్దమనిషి. నెరిసిన జుట్టుని, అనుభవాన్ని చెరిపేసి అమాయకపు పిల్లని చేస్తే తప్ప జనానికి కోపం రాదనుకున్నారు కాబోలు. ఎవరినీ ద్వేషించనన్న మనిషి బొమ్మతోనే ద్వేషం పంచారు. కొడుకుల్ని పోగొట్టుకుంటున్న జనం కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఇది ఆమెకి చేసిన అన్యాయమే.

మా అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరైంది. నైట్ డ్యూటీ దిగి వచ్చి, వాచిన పాదాలు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని, ఆ రాత్రి కొత్త పిల్లలకి ఇంజెక్షన్ చెయ్యడం ఎలా నేర్పిందో చెప్పేది. నర్సు అంటే నాకు ఆ మనిషే గుర్తొస్తుంది, కార్డులో వాలిపోయిన పిల్ల కాదు.

కావెల్ పని కూడా అదే. 1907 నుంచి బ్రస్సెల్స్‌లో ఆడపిల్లలకి నర్సింగ్ నేర్పింది. యుద్ధం వచ్చాక గాయపడ్డ జర్మన్ సైనికులకీ సేవ చేయించింది. తన దగ్గర చదువుకునే నర్సుల మధ్య కూర్చుని ఆమె దిగిన ఫొటో ఒకటుంది. కార్డుగా అచ్చు వేయాల్సింది దాన్ని. వెనకాల ఆ రెండు వాక్యాలూ ఉండాలి. అలాంటిది దొరికితే మొదటిది మా అమ్మకే పంపుతాను.